కార్డులో లక్షల కవర్ ఉంది, నాన్నకు మాత్రం సున్నా: ప్రీమియం క్రెడిట్ కార్డుల ఇన్సూరెన్స్ నిజంగా ఎంత పనికొస్తుంది?

శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద రాత్రి పదకొండున్నరకు టీ తాగుతున్నాం. అమ్మానాన్నల ఫ్లైట్ తెల్లవారుజామున నాలుగింటికి. గల్ఫ్ మీదుగా డల్లాస్, అక్క దగ్గరికి. మా ఇంట్లో ఎవరు అమెరికా వెళ్లినా రెండు కార్ల నిండా జనం రావడం ఆనవాయితీ కాబట్టి పెద్దనాన్న, చిన్నమ్మ, వాళ్ల పిల్లలు అందరూ ఉన్నారు. ఎయిర్‌పోర్టులో టీ ధర చూసినప్పటి నుంచి మేం ప్రతిసారీ ఇక్కడే ఆగుతాం. గ్లాసు కింద పెట్టి నాన్న అడిగాడు.

"ఇన్సూరెన్స్ కాగితం ఏదిరా? బ్యాగుల పెట్టినవా?"

పెట్టలేదు. ఎందుకంటే తీసుకోలేదు. "అది అవసరం లేదు నాన్నా. టికెట్లు నా కార్డు మీదనే కొన్న కదా. ఫారిన్‌ల హాస్పిటల్ ఖర్చుకు లక్షల కవర్ కార్డులనే ఉంది" అని చెప్పా, కాస్త గర్వంగానే. ఏడాదికి వేల రూపాయల ఫీజు కట్టే మెటల్ కార్డు అది. టేబుల్ మీద పెడితే టంగుమని సౌండ్ వస్తుంది.

నాన్న ఆర్టీసీలో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాడు. చేతిలో కాగితం లేనిదే దేన్నీ నమ్మడు. "అట్లనా. మరి కార్డు మా పేరు మీద ఉన్నదా?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, ఫోన్ తీశా. ఫోన్ రివ్యూ రాసేటప్పుడు ప్రాసెసర్ ఏ నానోమీటర్ ప్రాసెస్ మీద తయారైందో వెతికే నేను, మూడేళ్లుగా వాడుతున్న కార్డు ఇన్సూరెన్స్ పాలసీ పీడీఎఫ్‌ను మొదటిసారి ఓపెన్ చేసింది ఆ రాత్రే, ఆ టీ కొట్టు ముందే. రెండో పేజీలోనే ఉంది: ఇన్సూర్డ్ పర్సన్ అంటే ప్రైమరీ కార్డ్ హోల్డర్ మాత్రమే. టికెట్ ఎవరి కార్డుతో కొన్నారన్నది తర్వాతి సంగతి, ముందు ప్రయాణించేది కార్డు ఓనరే అయ్యుండాలి. ఇంకాస్త కిందికి వెళ్తే ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్స్‌కు కవర్ లేదని ఉంది. నాన్నకు నాలుగేళ్ల కింద స్టెంట్ వేశారు. ఒకవేళ ఆయన పేరు మీదే ఆ కార్డు ఉన్నా గుండెకు సంబంధించి ఒక్క రూపాయి వచ్చేది కాదన్నమాట.

అక్కకు ఫోన్ చేశా. అక్కడ మధ్యాహ్నం, లంచ్ టైమ్. "నువ్వు తీసుకున్నవనుకున్న రా!" అంది. నేనేమో కార్డు చూసుకుంటుందనుకున్నా. అక్క తిట్టడం ఆపకుండానే ల్యాప్‌టాప్ ఓపెన్ చేసి, అమెరికాలో విజిటర్స్ కోసం అమ్మే ప్లాన్లలో ఒకటి ఇరవై నిమిషాల్లో కొనేసింది. ఆ ప్లాన్లలో రెండు రకాలుంటాయని అప్పుడే తెలిసింది. ఫిక్స్‌డ్ ప్లాన్ చవక, కానీ ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామని ముందే గీత గీసి ఉంటుంది. బిల్లు దాన్ని దాటితే మిగతాది మన జేబులోంచే. కాంప్రిహెన్సివ్ ప్లాన్ ఖరీదు ఎక్కువ, కానీ డిడక్టిబుల్ పోను బిల్లులో ఎక్కువ భాగం భరిస్తుంది. పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే కొంత లిమిట్ వరకు ఇచ్చే 'అక్యూట్ ఆన్‌సెట్' అనే క్లాజు కూడా ఉంటుంది. అక్క ఆ క్లాజు ఉన్న కాంప్రిహెన్సివ్ తీసుకుంది. ఇద్దరికీ కలిపి ప్రీమియం నా ఫోన్ ధరలో సగం పైనే అయింది. పాలసీ కాపీ వాట్సాప్‌లో వచ్చింది. నాన్న కోసం ఎయిర్‌పోర్టులో ప్రింటవుట్ దొరుకుతుందేమోనని తిరిగి, దొరక్క, చివరికి ఆయన ఫోన్‌లో సేవ్ చేసి ఎలా ఓపెన్ చేయాలో మూడుసార్లు చూపించా.

వాళ్లు లోపలికి వెళ్లాక, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇంటికి వస్తూ అనుకున్నా: చిప్‌సెట్లకు బెంచ్‌మార్క్ చేస్తాం, ఛార్జింగ్ స్పీడుకు స్టాప్‌వాచ్ పెడతాం, మరి లక్షల కవర్ అని బ్యాంకు రాసుకున్న స్పెక్‌ను ఎందుకు టెస్ట్ చేయలేదు? ఈ ఆర్టికల్ అలా మొదలైంది.

స్పెక్ షీట్‌లో పెద్ద అంకె ఎందుకు ఉంటుంది

మొదట ఒక సంగతి. క్రెడిట్ కార్డు ఇన్సూరెన్స్ అంటే మీ పాలసీ కాదు. బ్యాంకు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర గ్రూప్ పాలసీ తీసుకుంటుంది. అందులో మీరొక సభ్యుడు, అంతే. బ్యాంకు రెన్యూ చేసుకోకపోతే కవర్ పోతుంది, మీ ఫీజు మాత్రం అలాగే ఉంటుంది. ఇది ఊహ కాదు. 2025 జూలై 15 నుంచి ఎస్‌బీఐ కార్డు తన ఎలీట్, మైల్స్ ఎలీట్, మైల్స్ ప్రైమ్ కార్డులపై ఉచితంగా ఇస్తున్న రూ.1 కోటి ఎయిర్ యాక్సిడెంట్ కవర్‌ను, ప్రైమ్, పల్స్ కార్డులపై ఉన్న రూ.50 లక్షల కవర్‌ను ఆపేసింది. ఆగస్టు 11 నుంచి కొన్ని కో-బ్రాండెడ్ కార్డులకూ అదే జరిగింది. ఎలీట్ ఫీజు రూ.4,999 ప్లస్ ట్యాక్స్. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఒక ఫీచర్ తీసేసినట్టే ఇదీ. కాకపోతే ఫోన్‌లో ఫీచర్ పోతే ట్విటర్‌లో గోల చేస్తాం, ఇది పోయినట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు పెద్ద అంకెల సంగతి. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా తీసుకోండి. ఫీజు రూ.12,500 ప్లస్ ట్యాక్స్. ఎయిర్ యాక్సిడెంట్ డెత్ కవర్ రూ.3 కోట్లు, విదేశాల్లో ఎమర్జెన్సీ హాస్పిటలైజేషన్‌కు రూ.50 లక్షలు, కార్డు పోతే లయబిలిటీ కవర్ రూ.9 లక్షలు. డైనర్స్ బ్లాక్‌లో ఎయిర్ యాక్సిడెంట్ రూ.2 కోట్లు, హాస్పిటలైజేషన్ రూ.50 లక్షలే. రెగాలియా గోల్డ్‌కు దిగితే రూ.1 కోటి, రూ.15 లక్షలు. కాగితం మీద ఇవి మన దేశంలో చెప్పుకోదగ్గ అంకెలే.

కానీ మూడు కోట్ల అంకె దేనికో చూడండి. విమాన ప్రమాదంలో చనిపోతే. మనం బయల్దేరినప్పుడు నిజంగా జరిగేవి ఏంటి? బ్యాగ్ రాదు, ఫ్లైట్ లేటవుతుంది, కనెక్షన్ మిస్సవుతుంది, జ్వరం వస్తుంది. చాలా అరుదుగా జరిగే దానికి కోట్లలో కవర్ ఇవ్వడం కంపెనీకి చవక, రోజూ జరిగే దానికి వేలల్లో ఇవ్వడం ఖరీదు. అందుకే 200 మెగాపిక్సెల్ అని బాక్స్ మీద పెద్దగా రాసి, అల్ట్రావైడ్‌కు నాసిరకం సెన్సర్ పెట్టే ఫోన్ లాగా ఉంటుంది ఈ లిస్టు.

బెస్ట్ ఉదాహరణ డైనర్స్ బ్లాక్‌లోనే ఉంది. బ్యాగేజ్ డిలేకు రూ.55,000 వరకు ట్రావెల్ ఇన్సూరెన్స్ కవర్ అని చూసి బాగుందే అనుకుంటాం. పక్కనే బ్రాకెట్‌లో గంటకు 10 డాలర్లు, గరిష్ఠంగా 8 గంటలు అని ఉంటుంది. లెక్క వేసుకోండి, 80 డాలర్లు. ఏడు వేల రూపాయల దాకా. యాభై ఐదు వేలని చదివి ఏడు వేలు తీసుకోవడం. బ్యాంకు దాచలేదు, అదే లైన్‌లో రాసింది. చదవనిది మనమే.

ఇండస్‌ఇండ్ దారి వేరు. లెజెండ్ లాంటి కార్డుల్లో ఎయిర్ యాక్సిడెంట్ కవర్ రూ.25 లక్షలే. కానీ బ్యాగ్ పోతే రూ.1 లక్ష, లేటైతే రూ.25,000, పాస్‌పోర్ట్ పోతే రూ.50,000, కనెక్షన్ మిస్సైతే రూ.25,000 వరకు అని విడివిడిగా ఇస్తారు. పోస్టర్ మీద వేసుకోవడానికి బాగుండదు గానీ, నన్నడిగితే ఈ పద్ధతే మేలు. అయితే ఇక్కడా 'వరకు' అనే మాట ఉంది. రూ.25,000 వరకు అంటే మీ అకౌంట్‌లో పాతిక వేలు పడతాయని కాదు. బ్యాగ్ రాక మీరు కొన్న బ్రష్షు, బనియన్లు, ఛార్జర్‌కు బిల్లులు చూపిస్తే ఆ బిల్లుల మొత్తం వస్తుంది.

కండిషన్లు ఇంకా ఉన్నాయి. చాలా కార్డుల్లో టికెట్ మొత్తం ఆ కార్డుతోనే కొనాలి. సగం రివార్డ్ పాయింట్లు, సగం యూపీఐ అంటే గొడవ మొదలైనట్టే. మరికొన్నిటిలో సంఘటనకు ముందు ఇన్ని రోజుల్లోపు కార్డుతో కనీసం ఒక ట్రాన్సాక్షన్ చేసుండాలి. రూపే సెలెక్ట్ కార్డుతో వచ్చే రూ.10 లక్షల యాక్సిడెంట్ కవర్‌కు ఇలాంటి షరతే ఉంది. డ్రాయర్‌లో పెట్టి మర్చిపోయిన కార్డు కాపాడదు. ఇంకోటి, నామినీ. ఆర్‌బీఐ 2022 కార్డు నిబంధనల ప్రకారం ఇన్సూరెన్స్ ఇచ్చే ముందు మీ అనుమతి, నామినీ వివరాలు తీసుకోవాలి. మీరు యాప్‌లో ఎప్పుడో 'ఐ అగ్రీ' కొట్టి నామినీ దగ్గర స్కిప్ చేసి ఉంటారు. నేనూ అదే చేశా. ఆ రాత్రే అమ్మ పేరు యాడ్ చేశా.

రూ.9 లక్షల లాస్ట్ కార్డ్ లయబిలిటీ గురించి ఒక్క మాట. ఇది వినడానికి ఉన్నంత పెద్ద బెనిఫిట్ కాదు. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా ఫ్రాడ్ జరిగితే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు రిపోర్ట్ చేస్తే మీ బాధ్యత సున్నా అని 2017 జూలైలోనే ఆర్‌బీఐ చెప్పింది. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే, రూ.5 లక్షల కంటే ఎక్కువ లిమిట్ ఉన్న కార్డుకు గరిష్ఠంగా రూ.25,000. ఇది ఫీజు లేని కార్డుకూ వర్తిస్తుంది. ఓటీపీ మీరే చెప్పేస్తే మాత్రం, రిపోర్ట్ చేసేదాకా పోయిన డబ్బు మీదే.

సూట్‌కేస్ రాలేదు

ఐదు నెలల తర్వాత అమ్మానాన్న తిరిగొచ్చారు. దేవుడి దయ వల్ల విజిటర్ పాలసీ ఒక్కసారి కూడా వాడాల్సిన పని పడలేదు. "అన్ని పైసలు దండగ చేసిన్రు" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

అరైవల్స్ బయట నేను నిలబడి గంట దాటింది, వాళ్లు రావట్లేదు. నాన్న ఫోన్ చేశాడు. నాలుగు సూట్‌కేసుల్లో మూడే వచ్చాయట. రాని దాంట్లో అమ్మ చీరలు, పిల్లల బట్టలు, చాక్లెట్లు ఉన్నాయి. వాటి మధ్య, టవల్లో చుట్టి, నాకోసం అక్క నెల కింద కొన్న టాబ్లెట్ ఉంది. బాక్స్ ఉంటే బరువు పెరుగుతుందని బాక్స్ తీసేసి మరీ పెట్టిందట. చెక్‌ఇన్ బ్యాగులో ఎలక్ట్రానిక్స్ పెట్టొద్దని ఎన్ని ఆర్టికల్స్ రాశానో, మా అక్క ఒక్కటీ చదవదు.

ఒక్క మంచి పని చేసింది. ఆ సూట్‌కేస్‌లో ఎయిర్‌ట్యాగ్ వేసింది. డల్లాస్ నుంచి చూసి చెప్పింది, బ్యాగ్ ఇంకా గల్ఫ్‌లోనే ఉందని. ఐఓఎస్ 18.2 నుంచి ఐటెమ్ లొకేషన్ లింక్‌ను ఎయిర్‌లైన్‌తో షేర్ చేసే ఫీచర్ వచ్చింది. మేం వచ్చిన ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఆ లింక్ తీసుకునే ఏర్పాటు ఉందో లేదో గానీ, స్క్రీన్‌షాట్ చూపించగానే అక్కడి అబ్బాయికి వెతికే పని తప్పింది. గ్యాడ్జెట్ గెలిచిన చోటు ఇదొక్కటే.

నాన్నకు ఫోన్‌లోనే చెప్పా: కస్టమ్స్ దాటి బయటికి రావొద్దు, ముందు పీఐఆర్ రాయించు. ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్. ఎయిర్‌లైన్‌తో మాట్లాడినా, ఇన్సూరెన్స్‌తో మాట్లాడినా మొదట అడిగేది ఈ కాగితమే. బోర్డింగ్ పాస్ వెనకాల అంటించే బ్యాగ్ ట్యాగ్ స్టిక్కర్ కూడా పారేయొద్దు. కాగితాల విషయంలో నాన్నకు చెప్పాల్సిన పనే లేదనుకోండి. కాపీ తీసుకుని, రిసీవ్డ్ అని స్టాంపు వేయించుకుని మరీ బయటికొచ్చాడు.

ఎయిర్‌లైన్ ఇవ్వాల్సింది కార్డుతో సంబంధం లేకుండా చట్టంలోనే ఉంది. ఇంటర్నేషనల్ ఫ్లైట్లకు మాంట్రియల్ కన్వెన్షన్ వర్తిస్తుంది. భారత్ ఇందులో 2009లో చేరింది. బ్యాగ్ పోయినా, పాడైనా, లేటైనా ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ బాధ్యత 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్, అంటే దాదాపు రెండు వేల డాలర్లు. అంతకుముందు 1,288 ఉండేది. బ్యాగ్ పాడైతే చేతికొచ్చిన ఏడు రోజుల్లోపు, లేటైతే 21 రోజుల్లోపు రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి. 21 రోజులకూ బ్యాగ్ రాకపోతే పోయినట్టే లెక్క. దేశంలోపల తిరిగే ఫ్లైట్లకు మాత్రం బ్యాగేజ్ లిమిట్ రూ.20,000. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి డ్రోన్, కెమెరా చెక్‌ఇన్‌లో వేసి పంపేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

మరి కార్డు? అమ్మానాన్న నా కార్డు కవర్‌లో లేరని టీ కొట్టు దగ్గరే తేలిపోయింది. సరే, ఊరికే తెలుసుకుందామని పీడీఎఫ్ మళ్లీ తీశా. ప్రయాణించింది నేనే అయితే ఏమయ్యేది? అప్పుడు కనబడింది ఇంకో లైన్: భారత్‌కు తిరిగొచ్చే ప్రయాణంలో బ్యాగేజ్ డిలేకు కవర్ లేదు. ఇంటికొచ్చాక నీ బట్టలు నీ బీరువాలో ఉంటాయి కదా, కొత్తవి కొనాల్సిన పనేంటి అన్నది వాళ్ల లాజిక్. విడిగా కొనే చాలా ట్రావెల్ పాలసీల్లోనూ ఇదే రూల్. అన్యాయమని కూడా అనలేను. కానీ శంషాబాద్‌లో దిగి బెల్ట్ దగ్గర నిలబడేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు?

రెండు రోజుల తర్వాత సూట్‌కేస్ ఇంటికి పంపించారు. ఒక చక్రం విరిగి, మూల సొట్టపోయి ఉంది. చీరలు బానే ఉన్నాయి. టాబ్లెట్ స్క్రీన్ ఒక మూల నుంచి ఇంకో మూలకు పగిలింది.

పర్చేజ్ ప్రొటెక్షన్: ఇక్కడా అక్కడా

ఇక్కడి నుంచి మన రీడర్లకు అసలు సబ్జెక్ట్. ఎందుకంటే కార్డుతో మనం ఎక్కువగా కొనేది గ్యాడ్జెట్లే.

పర్చేజ్ ప్రొటెక్షన్ అంటే కార్డుతో కొన్న వస్తువు కొన్ని రోజుల్లోపు పాడైనా, దొంగతనానికి గురైనా డబ్బు తిరిగివ్వడం. అక్క కార్డు అమెరికాది కాబట్టి ముందు అక్కడి లెక్క చూద్దాం. చేజ్ సఫైర్ రిజర్వ్‌లో కొన్న 120 రోజుల దాకా, ఒక్కో వస్తువుకు 10 వేల డాలర్ల వరకు, ఏడాదికి 50 వేల వరకు. అక్కడి అమెక్స్ ప్లాటినమ్‌లో 90 రోజులు, అంకెలు అవే. చేయి జారి కింద పడి పగిలినా కవరే. దీనికి తోడు సెల్‌ఫోన్ ప్రొటెక్షన్ అని ఇంకోటి. అమెక్స్ ప్లాటినమ్‌తో నెల నెలా ఫోన్ బిల్లు కడితే చాలు, ఫోన్ పగిలినా, ఎవరైనా ఎత్తుకెళ్లినా ఒక్కో క్లెయిమ్‌కు 800 డాలర్ల దాకా ఇస్తారు. డిడక్టిబుల్ 50 డాలర్లు, ఏడాదిలో రెండుసార్లు. ఇలాంటి ఫోన్ కవర్ ఫీజు లేని చేజ్ ఫ్రీడమ్ ఫ్లెక్స్‌లోనూ ఉంది. ఫీజుల సంగతికొస్తే సఫైర్ రిజర్వ్ 2025లో 550 నుంచి 795 డాలర్లకు, ప్లాటినమ్ 895కు పెరిగాయి. ఊరికే ఇవ్వట్లేదు మరి. అక్కడా తగ్గించినవాళ్లు ఉన్నారు. సిటీ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో చాలా కార్డుల మీద ఇలాంటి బెనిఫిట్లు తీసేసింది.

మన దగ్గర అదే పేరు, వేరే వస్తువు. ఇక్కడి కార్డుల్లో పర్చేజ్ ప్రొటెక్షన్ అని ఉన్నచోట లిమిట్ తక్కువ, అంతకంటే ముఖ్యంగా కారణాలు తక్కువ. నా కార్డు పాలసీలో ఉన్నవి అగ్నిప్రమాదం, ఇంటి తాళం పగలగొట్టి చేసిన దొంగతనం. అంతే. ఫోన్ మెట్రోలో జేబులోంచి పోయింది, కవర్ కాదు. ఆటోలో మర్చిపోయాం, కాదు. చేతిలోంచి జారి సెల్లార్ సిమెంట్ మీద పడింది, కాదు. గ్యాడ్జెట్ పోయే లేదా పగిలే నూటికి తొంభై సందర్భాలు ఇవే కదా! ఇల్లు తగలబడితే ఫోన్‌కు డబ్బిస్తామనే స్కీమ్‌ను 'స్మార్ట్‌ఫోన్ ప్రొటెక్షన్' అని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ కార్డులో ఇంతకంటే మంచి వర్డింగ్ ఉండొచ్చు. యాప్‌లో ఉన్న బ్యానర్ కాదు, పాలసీ వర్డింగ్ పీడీఎఫ్‌లో 'బర్గ్‌లరీ', 'థెఫ్ట్', 'యాక్సిడెంటల్ డ్యామేజ్' అనే మూడు మాటలు సెర్చ్ చేయండి. మూడోది లేకపోతే మీ స్క్రీన్‌కు అది పనికిరాదు.

సరే, అక్క కార్డు అమెరికాది, 120 రోజుల కవర్ ఉంది, టాబ్లెట్ కొని నెలే అయింది, గిఫ్ట్‌గా ఇచ్చినా ఓకే. ఇంకేం, డబ్బొచ్చేసినట్టే అనుకున్నాం. ఫోటోలు తీశా, బిల్లు, కార్డు స్టేట్‌మెంట్, పీఐఆర్ అన్నీ అక్కకు పంపా. అక్క ఆన్‌లైన్‌లో క్లెయిమ్ వేసింది. వారానికి రిజెక్ట్ అయింది. కారణం ఒకే ఒక్క లైన్: కామన్ క్యారియర్ అధీనంలో ఉండగా జరిగిన డ్యామేజ్‌కు వర్తించదు. కామన్ క్యారియర్ అంటే విమానం, రైలు, బస్సు, కొరియర్. బ్యాగ్ బెల్ట్ మీద వేసిన క్షణం నుంచి అది ఎయిర్‌లైన్ చేతిలో ఉన్నట్టు. అదే టాబ్లెట్ అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండి, ఇంటికొచ్చాక మా అన్న కొడుకు చేతిలోంచి పడి పగిలుంటే డబ్బొచ్చేది. అక్క బాధంతా అదే.

ఎయిర్‌లైన్‌కు రాశాం. ఎలక్ట్రానిక్స్, పగిలే వస్తువులు చెక్‌ఇన్ బ్యాగులో పెట్టకూడదని తమ కండిషన్స్‌లోనే ఉందని, వాటికి బాధ్యత లేదని జవాబు. టికెట్ కొనేటప్పుడు టిక్ పెట్టింది నేనే. చట్టం వేరే మాట చెబుతోందని వాదించొచ్చు, కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లొచ్చు, రెండేళ్ల గడువుంది. నలభై వేల టాబ్లెట్ కోసం అంత ఓపిక నాకు లేదు.

ఆ ఓపిక ఉన్నవాళ్లకు, అంతకంటే పెద్ద క్లెయిమ్ ఉన్నవాళ్లకు ఒక దారి. ఇన్సూరెన్స్ కంపెనీ రిజెక్ట్ చేస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి. నెల చూసి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, రూ.50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. గ్రూప్ పాలసీలూ వీళ్ల పరిధిలోకే వస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఐఆర్‌డీఏఐ హెడ్ ఆఫీసు కూడా మన హైదరాబాద్‌లోనే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబర్‌కు ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టొచ్చు. కస్టమర్ కేర్‌లో పాట వింటూ కూర్చోవడం కంటే ఇది నయం.

మరి నేనిప్పుడు ఏం చేస్తున్నా

కార్డు వదిలేయలేదు. లాంజ్, రివార్డ్ పాయింట్లు, ఫారిన్ కరెన్సీ మార్కప్ తక్కువ, వీటికి ఫీజు గిట్టుబాటు అవుతోంది. ఇన్సూరెన్స్ లైన్‌ను మాత్రం లెక్కలోంచి తీసేశా. ఇప్పుడు నేనే విదేశాలకు వెళ్తే కార్డు కవర్ పైన విడిగా ట్రావెల్ పాలసీ తీసుకుంటా. అందులో అందరూ చూసే మెడికల్ అంకె కంటే ముందు, డిలే కవర్ ఎన్ని గంటల తర్వాత మొదలవుతుందో చూస్తా. సఫైర్ రిజర్వ్‌లో ట్రిప్ ఆరు గంటలు లేటైతే 500 డాలర్ల దాకా ఖర్చులిస్తారు. ఇక్కడి పాలసీల్లో ఆ గంటలు ఎక్కువ ఉంటే మన ఫ్లైట్లకు ఉపయోగం తక్కువ.

ఫోన్‌కు కార్డు మీద ఆశ పెట్టుకోను. ఐఫోన్ వాడేవాళ్లకు ఆపిల్‌కేర్ ప్లస్‌లో థెఫ్ట్ అండ్ లాస్ ప్లాన్ 2025 చివర్లో మన దేశానికి వచ్చింది. ఫోన్ పోయిన సమయానికి ఫైండ్ మై ఆన్‌లో ఉండాలన్నది షరతు. ఆండ్రాయిడ్‌లో కంపెనీ ఇచ్చే కేర్ ప్లాన్ చూడండి, యాక్సిడెంటల్ డ్యామేజ్ ఒక్కటేనా, దొంగతనం కూడానా అని. దొంగతనం క్లెయిమ్‌కు పోలీస్ కంప్లైంట్ కాపీ అడుగుతారు. అదే కాపీతో సంచార్ సాథీలో సీఈఐఆర్ ద్వారా ఐఎంఈఐ బ్లాక్ చేసేయొచ్చు. ఫోన్ ఎయిర్‌పోర్టులోనే పోతే అక్కడే ఆర్‌జీఐ ఎయిర్‌పోర్ట్ పోలీస్ స్టేషన్ ఉంది, ఇంటికెళ్లి చూద్దాంలే అనుకోవద్దు.

ప్యాకింగ్‌లో టాబ్లెట్, కెమెరా, ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ చేతి బ్యాగులోనే. పవర్ బ్యాంక్ ఎలాగూ చెక్‌ఇన్‌లో వేయనివ్వరు, 100 వాట్-అవర్ లోపుది క్యాబిన్‌లో తీసుకెళ్లొచ్చు. మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్-అవర్, 27,000 ఎంఏహెచ్‌ది దాదాపు 100 అంచున ఉంటుంది. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే లెక్క వచ్చేస్తుంది.

టాబ్లెట్ సంగతి చెప్పలేదు కదా. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు తీసుకెళ్లా. స్క్రీన్ మార్చారు. కలర్స్ కొద్దిగా పచ్చగా కనిపిస్తాయి, నేను రివ్యూ చేసేదైతే మార్కులు తీసేసేవాణ్ని. ఇప్పుడు మా అన్న కొడుకు దాంట్లో కార్టూన్లు చూస్తున్నాడు.

సూట్‌కేస్ పాడైందని ఏడు రోజుల్లోపు విడిగా ఇంకో కంప్లైంట్ రాసింది నాన్న. నాకు చెప్పకుండా, పీఐఆర్ కాపీ, విరిగిన చక్రం ఫోటో జతచేసి, తెల్లకాగితం మీద చేత్తో రాసి, స్కాన్ చేయించి పంపాడు. మూడు వారాలకు ఎయిర్‌లైన్ వాళ్లు కొత్త సూట్‌కేస్ ఇంటికి పంపించారు. పాత దానికంటే బాగుంది.